ఎంగిలి పడని కబుర్లు

క్షవరానికి కుర్చీలో కూర్చున్న మనిషికి జుట్టు ఎంత తెగిందన్నది తర్వాతి సంగతి. ముందు చెవిలో నాలుగు కబుర్లు పడాలి. మలుపులో కడుతున్న మూడంతస్తుల ఇల్లు ఎవరిది, ఎవరెవరికి మాటల్లేవు, పోయిన వారం అంబులెన్సు ఎవరి గుమ్మం ముందు ఆగింది, ఇవన్నీ కత్తెర చప్పుడుతో కలిసి వినిపిస్తేనే గిరాకీకి పని పూర్తయినట్టు ఉంటుంది. ఈ క్షురకుడి దుకాణంలో మాత్రం ఇవేవీ దొరికేవి కావు. అందుకే వీధిలో దానికి మూగ సెలూన్ అని పేరు. ఆయన మూగవాడేం కాదు. "తల కొంచెం వంచండి" అనేవాడు, "మీసం ఉంచమంటారా" అనేవాడు, చివర్లో "అయిపోయింది" అనేవాడు. మూడూ పనికొచ్చే మాటలే. ముప్పై ఆరేళ్ళుగా నాలుగో మాట విన్నవాడు లేడు.

అయినా గిరాకీ తగ్గలేదు. చెప్పేవాళ్ళకు కొదవ లేని లోకంలో వినేవాడు దొరకడమే గగనం కదా. పెళ్ళానికి చెప్పుకోలేనివి, డాక్టరు దగ్గర దాచినవి, మెడకు గుడ్డ కట్టించుకోగానే జనం కక్కేసేవారు. ఆ చెవిన పడింది బయటికి పొక్కదని అందరికీ భరోసా. ఎంత గుట్టుమనిషో అని మెచ్చుకునేవారు కూడా. నిజానికి ఆయన ఆ కబుర్లన్నీ దాస్తున్నది ఇంకొకరికి చెప్పడానికే. ఆ ఇంకొకరు బతికి లేరు, అంతే తేడా.

దుకాణం పెట్టిన కొత్తలో ఆయన నోట్లో నువ్వుగింజ నానేది కాదు. పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ పిల్లకు నాలుగేళ్ళు నిండేదాకా అదే తీరు. అప్పుడు భార్య మంచం పట్టింది. గుండెలో ఏదో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు, పది అడుగులకు మించి నడవకూడదన్నారు. దుకాణానికి వెనక, కర్టెన్ అవతల ఒక గది, దాన్ని ఆనుకుని వంటగది. గదిలో కిటికీ పక్కన మంచం వేశాడు. ఆ కిటికీలోంచి చూస్తే పక్కనున్న దర్జీ దుకాణం గోడా, దాని మీద తుప్పు పట్టిన నీళ్ళ గొట్టం తప్ప మరేమీ కనిపించవు. రెండేళ్ళ పాటు ఆవిడ కళ్ళారా చూసిన లోకం అదే. మిగతా లోకమంతా మొగుడి నోట రావాల్సిందే.

చీకటి పడే వేళకు ఆయన దుకాణం తలుపు దించి, చేతులు కడుక్కుని, మంచం చివర కూర్చునేవాడు. "ఊఁ, చెప్పు" అనేది ఆవిడ. గట్టిగా నవ్వితే ఆయాసం వస్తుందని దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకరోజు విగ్గు పెట్టుకునే గుమాస్తా కబురు మొదలుపెట్టగానే మొహం గోడ వైపు తిప్పేసింది.

"ఇది పొద్దున ఎవరికో చెప్పావు. కర్టెన్ ఇవతలికి వినపడింది."

"అయితే ఏమైంది?"

"ఎంగిలి కబుర్లు నాకొద్దు. నలుగురూ నమిలింది తెచ్చి నాకు పెడతావా?"

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ కొంచెం గడుసుది. కానీ ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. మంచం మీది మనిషికి రోజు మొత్తం మీద దక్కేది ఆ ఒక్క అరగంట. అందులోనూ వాడేసినవి ఎందుకు పెట్టాలి? మర్నాటి నుంచి దుకాణంలో నోరు కట్టేసుకున్నాడు. పొద్దున విన్నది సాయంత్రం దాకా కడుపులో ఉంచుకుని, ముందు ఆవిడకే చెప్పేవాడు. పెళ్ళయిన తర్వాత వాళ్ళిద్దరూ అంత దగ్గరగా బతికిన రోజులు అవేనని ఆయన లెక్క.

పోయే ముందు రోజు ఆవిడ కాస్త తేరుకున్నట్టు కనిపించింది. దిండుకు ఆనుకుని కూర్చుని, "నేను ముందెళ్ళి అక్కడ సర్దుకుంటాలే. నువ్వు తొందరపడకు, పిల్లని పెద్ద చేసి తీరిగ్గా రా. వచ్చేటప్పుడు కబుర్లు పట్టుకురా. ఎంగిలివి మాత్రం తేకు" అంది. ఆవిడ నవ్వుతూ అంది. ఆయన నవ్వకుండా విన్నాడు. జరిగిన చిక్కంతా అక్కడే ఉంది.

ఆయన భక్తిపరుడేం కాదు. పైలోకం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఆయనకు తెలిసిన పైలోకంలో ఒక మంచం ఉంటుంది, పక్కన కిటికీ ఉంటుంది, కిటికీకి అడ్డంగా గోడ ఉండదు, మంచం మీద ఆవిడ ఉంటుంది. అంతకు మించి ఏమీ కోరలేదు. అక్కడి కోసం కొందరు ప్రార్థనలు చేస్తారు, కొందరు దానాలు చేస్తారు. ఈయన విన్నాడు, చూశాడు, దాచాడు.

కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. రాసుకుంటే చదివి వినిపించడమవుతుంది గానీ చెప్పడం కాదని పట్టుదల. తన పనిలోనే ఆయనకు ఒక దారి దొరికింది. ప్రతి తలా ఆయన వేళ్ళకు వేరుగా తెలుస్తుంది. ఒకడికి రెండు సుడులు, ఒకడికి చెవి వెనక కుట్లు, ఒకడికి నడినెత్తిన చిన్న గుంట. విన్న కబురును ఆ తలలో ఆ గుర్తుకు కట్టేసేవాడు. నెల తిరిగి అదే తల కుర్చీలోకి వచ్చినప్పుడు వేలు ఆ గుర్తును తాకేది, కబురు పొల్లుపోకుండా లోపల కదిలేది. సాయంత్రం తలుపు దించాక గిరాకీ కుర్చీలో తానే కూర్చుని, అద్దంలోకి చూస్తూ, గొంతు రాకుండా పెదవులు కదుపుతూ ఆ రోజు వచ్చిన తలలన్నీ వల్లె వేసేవాడు. తలుపు సందులోంచి చూసిన వీధివాళ్ళు పెళ్ళాం పోయిన దిగులుతో మతి కాస్త చెదిరిందని జాలిపడేవారు. ఆయన దిగులు వేరే. గిరాకీకి బట్టతల వచ్చిందంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది. జుట్టు లేనివాడు దుకాణానికి రావడం తగ్గిస్తాడు, వాడికి కట్టిన కబురు పలచబడిపోతుంది.

దీనివల్ల ఆయనకు ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. ఇంకొకరికి చెప్పాలని చూసేవాడికి ఏదీ మామూలుగా కనిపించదు. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పకుండా మూడు నెలల పాటు రోజూ నున్నగా గడ్డం గీయించుకుని బయల్దేరిన మనిషిని ఆయన చూశాడు. పెళ్ళిచూపులకు వెళ్తూ అద్దంలో నవ్వు సరిచూసుకుని, అది నచ్చక ఇంకొకటి తొడుక్కున్న కుర్రవాణ్ణి చూశాడు. వీధిలో అందరూ దాటిపోయినవి ఆయన దాటిపోలేదు.

నష్టం కూడా జరిగింది. గడియారాలు బాగుచేసే అన్న, పాల డిపో నడిపే తమ్ముడు, ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. నెలలో మొదటి సోమవారం అన్న వచ్చేవాడు, ఆ శుక్రవారం తమ్ముడు వచ్చేవాడు. ఏదో మాటవరసకు అడిగినట్టు అన్న, "మావాడికి జుట్టు బాగా నెరిసిందా?" అనేవాడు. నాలుగు రోజులు పోయాక తమ్ముడు, "మా అన్నకి ఆ మెడనొప్పి తగ్గిందంటావా?" అనేవాడు. ఎంత మంచి కబురు. ఆయన ఇద్దరికీ "తల కొంచెం వంచండి" అన్నాడు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో అన్న హఠాత్తుగా పోయాడు. తర్వాతి నెల తమ్ముడు వచ్చి కూర్చుని, అద్దంలోకి చూస్తూ, "మా అన్న ఎప్పుడైనా నా ఊసెత్తాడా?" అని అడిగాడు. మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఈ ఒక్క కబురు ఆవిడకు ఎలా చెప్పాలో ఆయనకు ఎప్పటికీ తోచలేదు.

కూతుర్ని ఒంటిచేత్తో పెంచాడు. రోజూ పొద్దున్నే రెండు జడలు వేసేవాడు. బడిలో అంత తీరైన పాపిడి మరే పిల్లకూ ఉండేది కాదు. దువ్వుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకునేవారు కారు. బడి వదిలాక పిల్ల నేరుగా దుకాణానికి వచ్చి, గిరాకీల బెంచీ మీద ఒక చివర కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఏ లోటూ రానివ్వలేదని వీధి మొత్తం ఒప్పుకుంటుంది. ఆ పిల్లకు ఇప్పుడు నలభై. రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని, ఇల్లు రెండు బస్టాపుల అవతల. ఆదివారం ఆదివారం వచ్చి రెండు గంటలు కూర్చుంటుంది.

"ఏంటి నాన్నా విశేషాలు?"

"ఏముంటాయమ్మా. మామూలే."

ఆమె గది ఊడ్చేది, ఆయన టీ పెట్టేవాడు, ఇద్దరూ చెరో గ్లాసు పట్టుకుని ఎదురెదురుగా తాగేవారు. ఇంత ఖాళీ మనిషికి ఎలా పుట్టానా అనుకుంటూ ఆమె బస్సెక్కేది. ముప్పై నాలుగేళ్ళ వీధి మొత్తం ఆ మనిషి లోపల కిక్కిరిసి ఉందని ఆమెకు చెప్పేవాళ్ళెవరు? గుమ్మంలో నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఆమె టీ గ్లాసు పట్టుకునే తీరు అచ్చం తల్లిలాగే ఉందన్న సంగతిని కూడా ఆయన దాచిపెట్టుకునేవాడు.

పోయిన చలికాలంలో రెండు సుడుల ఎలక్ట్రీషియన్ వచ్చి కూర్చున్నాడు. ఆయన వేలు మొదటి సుడిని తాకింది, రెండోదాన్నీ తాకింది. లోపల ఏమీ కదల్లేదు. మళ్ళీ తాకాడు. ఒక నిచ్చెన గుర్తొచ్చింది. ఆ నిచ్చెన ఎవరిదో, ఎక్కిందెవరో, ఎందుకు ఎక్కారో, ఏదీ లేదు. ఉత్త నిచ్చెన. చాలా మంచి కబురనీ, ఆవిడ దుప్పటి నోట్లో కుక్కుకోవాల్సిన కబురనీ మాత్రం తెలుసు. ఆ సాయంత్రం అద్దం ముందు కూర్చుని ఒక్కొక్క తలనూ పిలిచి చూశాడు. కొన్ని పలికాయి, కొన్ని పలకలేదు.

తర్వాత హెడ్మాస్టారి మీసం సంగతి జరిగింది. రిటైరైన పెద్దమనిషి, నలభై ఏళ్ళుగా పెంచుకున్న మీసం. ఆ రోజు ఆయన "మీసం ఉంచమంటారా" అని అడగడం మరిచిపోయాడు. మాస్టారు కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నారు. పై పెదవి మీద కూడా నురగ పూసి, కత్తితో రెండే గీతల్లో తీసేశాడు. మాస్టారు కళ్ళు తెరిచి అద్దంలోకి చాలాసేపు చూశారు. "ఏమయ్యా, ఇది నేనేనా?" అన్నారు చివరికి. కోప్పడి ఉంటే బాగుండేది. మూతికి చేయి అడ్డం పెట్టుకుని వీధి చివరిదాకా అలాగే నడిచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ కబురు రెండు బస్టాపులు దాటింది.

కూతురు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగితే ఆయన ఒకటి చెప్పాడు. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒక పక్కనే గీశాడు. ఏవో ఫొటోలు తీశారు, మాత్రలు రాశారు. ఇక నుంచి ఒక్కొక్కటీ జారిపోతుందనీ, మాత్రలు దాన్ని కాస్త నెమ్మది చేస్తాయే తప్ప ఆపలేవనీ డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది.

"కత్తి మాత్రం ఇక పట్టుకోకండి. ఊరికే కూర్చోవద్దు. మీకు గుర్తున్న సంగతులు ఇంట్లోవాళ్ళకి చెప్తూ ఉండండి. చెప్తూ ఉంటే కొంతకాలం నిలుస్తాయి. చెప్పనివే ముందు పోతాయి."

ఆ చివరి మాట దగ్గరే ఆయన చిక్కుకుపోయాడు. దాచినవి నిలవాలంటే చెప్పాలి. చెప్తే ఎంగిలి పడతాయి. చెప్పకపోతే ఆయన అక్కడికి వెళ్ళేసరికి లోపల ఏమీ ఉండదు. ముప్పై నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి ముందు వట్టి చేతులతో, వట్టి తలతో నిలబడాలి. ఇంతకన్నా పెద్ద ఆపద ఆయన ఊహకు అందదు. చావు ఆయనకు ఆపదగా ఎప్పుడూ తోచలేదు.

కత్తి మూలన పడ్డాక తలలు రావడం మానేశాయి. తలలు రాకపోతే కబుర్లూ రావు. ఆయన రోజంతా ఖాళీ కుర్చీకి ఎదురుగా బెంచీ మీద కూర్చునేవాడు. దుకాణంలో స్పిరిటు వాసన పోయి దుమ్ము వాసన వచ్చింది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక లేచి పక్క దుకాణంలోకి వెళ్ళాడు.

దర్జీ వరసకు ఏమీ కాడు, అయినా మొదటి రోజు నుంచీ బావా అనే పిలుస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఈయన చేత నాలుగో మాట పలికించాలని చూసి చూసి విసిగిపోయినవాడు. అలాంటిది ఈయన స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పుకొచ్చేసరికి మిషను తొక్కడం ఆపేశాడు. కబుర్లేవీ చెప్పలేదు ఆయన, దాచిన సంగతి మాత్రం చెప్పాడు. దర్జీ నోట్లోని గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కడ ఏమీ లేకపోతే ఏం చేస్తావు బావా?"

"లేకపోతే లేదని తెలుసుకోవడానికి నేనూ ఉండను కదా."

"జీవితమంతా పార్సిల్ కట్టి పెట్టావు. అడ్రసు ఉందో లేదో తెలీదు." దర్జీ నవ్వబోయి ఆగాడు. "మా ఆవిడ పోయినప్పుడు వచ్చి నా పక్కన కూర్చున్నావు. సాయంత్రం దాకా కూర్చున్నావు. ఒక్క మాట అనలేదు. పాపం, వీడి దగ్గర అనడానికి ఏమీ లేదులే అనుకున్నా. ఉండీ అనలేదా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ రోజు చెప్పదగ్గ మాట ఉంది. పోయే పది రోజుల ముందు దర్జీ భార్య దుకాణం గుమ్మంలో నిలబడి, "ఆయనకి బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని మీరైనా చెప్పండి. నా మాట వినడు. నేను లేకపోతే ఎలా బతుకుతాడో" అంది. చిన్న మాటే. అదీ దాచేశాడు.

"నువ్వనేది నిజమే," అన్నాడు. "కానీ ఒకటి అడుగుతా. ముప్పై ఏళ్ళుగా నువ్వూ ఇదే వీధిలోకి చూస్తూ కుడుతున్నావు. ఏం చూశావు?"

దర్జీ ఆలోచించాడు. "ఏముంది చూడ్డానికి. జనం, బస్సులు."

"నేను చాలా చూశాను. ఆవిడకి చెప్పాలని ఉండబట్టే చూశాను. లేకపోతే నాకూ బస్సులే కనపడేవి."

"మరి చూసి ఎవరికి పెట్టావు?" అన్నాడు దర్జీ. ఈయన లేచి వచ్చేస్తుంటే దర్జీ, "ఆ బీపీ మాత్రలు వేసుకుంటున్నావా" అని అడిగాడు. అది తన రోగం అని, ఈయనది కాదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఈయన గుమ్మం దగ్గర ఆగి, "ఉప్పు తగ్గించు. మీ ఆవిడ చెప్పమంది" అన్నాడు. ఏడేళ్ళు ఆలస్యమైన కబురు. దర్జీ మొహం చూసే ధైర్యం లేక గబగబా వచ్చేశాడు.

ఆదివారం కూతురు వచ్చింది. వచ్చే ముందే తలస్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా వీపంతా పరుచుకుని ఉంది. బెంచీ మీద మాత్రల డబ్బాలూ ఉతికిన బట్టలూ పడి ఉండటంతో ఆమె గిరాకీ కుర్చీలో కూర్చుంది. ఆయన చేతులు పని లేక చాలా రోజులైంది. డాక్టరమ్మ కత్తి వద్దంది గానీ దువ్వెన వద్దనలేదు. వెనక నిలబడి చిక్కు తీయడం మొదలుపెట్టాడు. ఆమె వద్దనలేదు, కళ్ళు మూసుకుంది.

"ఏంటి నాన్నా విశేషాలు?"

"ఏముంటా..." అనబోయాడు. అంతలో వేలు ఎడమ చెవి పైన తగిలింది. చిన్నప్పుడు బెంచీ అంచు తగిలి పడిన మచ్చ. వారాల తరబడి మొద్దుబారి ఉన్నది ఒక్కసారిగా కదిలింది. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట చెదరకుండా వచ్చి నిలబడింది. మళ్ళీ వస్తుందో రాదో ఆయనకు తెలియదు. ఆ క్షణంలో ఆవిడ గుర్తుకు రాలేదు. పోతుందన్న భయం ఒక్కటే ఉంది.

"ఒకటుంది," అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచింది.

"నీకప్పుడు ఎనిమిదేళ్ళు. వానాకాలం. దుకాణంలో ఎవరూ లేరు. నేను బకెట్ తీసుకుని నీళ్ళకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నువ్వు ఈ కుర్చీలోనే కూర్చున్నావు. కాళ్ళు కిందకి అందట్లేదు. మెడకి గుడ్డ కట్టుకుని అద్దంలోకి చూస్తూ మాట్లాడుతున్నావు. మీ అమ్మ గొంతు పెట్టి 'ఊఁ, చెప్పు' అంటావు. మళ్ళీ నీ గొంతుతో చెప్తావు."

"నాకు గుర్తులేదు నాన్నా."

"నాకుంది. ఇవాళ ఉంది."

"ఏం చెప్పాను?"

ఆయన దువ్వెన పక్కన పెట్టి, ఇద్దరి గొంతులూ మారుస్తూ చెప్పాడు. "'నా పక్కన కూర్చునే అమ్మాయి ఇవాళ చోటు మార్చుకుంది. నేనేం మాట్లాడనంట. మాట్లాడనివాళ్ళ పక్కన కూర్చోదంట.' 'ఊఁ, తర్వాత?' 'తర్వాతేం లేదు. ఒక్కదాన్నే డబ్బా తిన్నా.' 'నాన్నకి చెప్పావా?' 'చెప్పలేదు. నాన్న నాకేం చెప్పడుగా. నేనెందుకు చెప్పాలి?' 'సరే, నాకు చెప్పావుగా. ఇంక ఏడవకు.' అని గుడ్డతో మొహం తుడుచుకుని దిగావు."

చెప్తున్నంతసేపూ ఆయనకు చెప్పలేని సంతోషం కలిగింది. ముప్పై రెండేళ్ళు దాచింది చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు కూతురు నవ్వుతుందేమోనని అద్దంలోకి చూశాడు. ఆమె నవ్వడం లేదు.

"నువ్వు అప్పుడు ఎక్కడున్నావు?"

"గుమ్మం బయట. బకెట్ పట్టుకుని."

"ఎంతసేపు?"

"మొత్తం విన్నాను. నువ్వు కుర్చీ దిగేదాకా ఉన్నా."

"లోపలికి ఎందుకు రాలేదు?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఆయన కూడా తనను తాను అడగలేదు. "మధ్యలో వస్తే ఆపేస్తావేమోనని. మొత్తం వినాలి కదా. మీ అమ్మకి చెప్పాలి కదా," అన్నాడు. ఆమెకు అర్థం కాలేదని చూసి మిగతాదంతా చెప్పాడు. మంచం, గోడ, ఎంగిలి కబుర్లు, పట్టుకురమ్మన్న మాట, తలలకు కట్టిన ముడులు, అన్నీ చెప్పాడు.

"నేను ఇక్కడే ఉన్నాను నాన్నా," అంది ఆమె. "ఆ బెంచీ మీద. రోజూ."

"నీకు తెలిసిందే కదమ్మా అదంతా. నువ్వు ఇక్కడే ఉన్నావు. ఆవిడే లేదు."

లోపల ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఆయనకు ఎంతో సబబుగా ఉండేది. ఇప్పుడు తన చెవిన తానే విన్నాడు. ఆ రోజు బకెట్ కింద పెట్టి మూడు అడుగులు వేస్తే సరిపోయేది. పిల్ల ఏడుస్తుంటే, ఒక్క మాట పోకుండా పట్టుకోవాలని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చేతికి బకెట్ పిడి కోసుకుపోతున్నా కదల్లేదు. అంత శ్రద్ధగా ఆ పిల్లను చూసినవాడు లోకంలో ఇంకొకడు లేడు, ఆ పిల్లను అలా వదిలేసినవాడూ ఇంకొకడు లేడు. ఆయన బట్టలు పక్కకు తోసి బెంచీ చివర కూర్చున్నాడు.

ఆమె లేచింది. తడి జుట్టు ముడి వేసుకుంది, సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. ఆయన తలెత్తలేదు. చాలాసేపటికి చూస్తే ఆమె ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇంకా ఉన్నాయా?" అంది, వీధి వైపే చూస్తూ.

"కొన్ని ఉన్నాయి. ఎన్నో తెలీదు."

"ఎవరివి?"

"చాలావరకు నీవే."

ఆమె వెనక్కి వచ్చి సంచి దించి, ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. "రేపు ల్యాబు అయ్యాక వస్తాను," అంది.

"రేపటికి ఇది చెప్పానని నాకు గుర్తుండకపోవచ్చు. మళ్ళీ ఇదే మొదలుపెడతానేమో. నీకు మళ్ళీ కోపమొస్తుంది."

"వస్తుంది," అంది కూతురు. "అయినా చెప్పు."